ఖమీస్ ముషైత్‌లో 1517 పాఠం

గల్ఫ్ యుద్ధం ముగిసిన 1991లో, సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్‌లో భారతీయుల పిల్లల కోసం నడిచే ఒక పాఠశాలలో టీజీటీగా చేరాను. పదో తరగతి వరకు బోధించే ఉపాధ్యాయుల హోదా అది. యుద్ధానికి భయపడి ఇండియా వెళ్లిన కొందరు టీచర్లు తిరిగి రాలేదు. మగపిల్లల విభాగంలో చరిత్ర మొత్తం నా మీదే పడింది.

ఆ ఏడాది వచ్చిన పుస్తకాల్లో యూరప్ పునరుజ్జీవనం, మతసంస్కరణ పాఠాల పేజీలు చింపేసి ఉన్నాయి. శిల్పాల, శిలువల బొమ్మలున్నాయని అక్కడి సెన్సారు చేసిన పని అది. ఆ రెండూ వదిలేసి సముద్రయానాలతో మొదలుపెట్టమన్నారు ప్రిన్సిపాల్. బోర్డు ప్రశ్నపత్రం ఇండియాలో తయారవుతుంది; మా చిరిగిన పేజీల సంగతి దానికి పట్టదు. బొమ్మలు లేకుండా మూడూ చెబుతాను, బాధ్యత నాదే అన్నాను.

వారం తిరక్కుండానే ఒక విద్యార్థి తండ్రి, కడప నుంచి వచ్చిన ఏసీ టెక్నీషియన్ ఖాదర్ బాషా, బడికి వచ్చాడు.

"పాదర్లు, చర్చిలు అంటాండాడు సార్ మావాడు. ఈ ఊర్లో అయ్యన్నీ మనకెందుకు? ఎవురన్నా పైన చెప్తే మీ ఇకామా పోతాది, ఇస్కూలు మూస్తారు."

ఇకామా అంటే నివాస అనుమతి. ఆయన భయం అర్థం లేనిది కాదు. ఒక్క పీరియడ్ కూర్చుని విని, తర్వాత ఫిర్యాదు చేసుకోమన్నాను.

ఆయన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు మీద ఎర్రసముద్రం గీశాను. మలబారు మిరియాలు జిద్దా మీదుగా ఇటలీ చేరేవని, ఆ వ్యాపారంతో బలిసిన నగరాల్లోనే, అరబ్బులు కాపాడిన గ్రీకు గ్రంథాలు కొత్తగా చదివారని చెప్పాను. ఆ మిరియాల కోసమే పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా చుట్టి కాలికట్ వచ్చారు. 1517లో ఒక జర్మన్ సన్యాసి చర్చి సాగించే పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాడు; అచ్చుయంత్రం ఆ ప్రశ్నను ఊరూరా చేర్చింది. అదే ఏడాది పోర్చుగీసు ఓడలు జిద్దా ముందు లంగరు వేశాయి.

అంతలో ప్రిన్సిపాల్ వెంట విద్యాశాఖ తనిఖీ అధికారి లోపలికి వచ్చి, బోర్డు చూసి, అరబిక్‌లో ఏదో అడిగాడు. నాకూ ప్రిన్సిపాల్‌కూ ఆ భాష అంతంతమాత్రం. పనిలో అరబిక్ బాగా పట్టుబడ్డ ఖాదర్ బాషా లేచాడు.

"ఏం పాఠమని అడగతాండాడు సార్. ఏం చెప్పమంటారు?"

"ఉన్నదున్నట్టు చెప్పండి. చర్చి సంగతి దాచొద్దు."

ఆయన ఒకసారి ప్రిన్సిపాల్ వైపు చూసి, తర్వాత మొత్తం చెప్పాడు. సన్యాసిని కూడా వదల్లేదు. అధికారి కాసేపు పటం చూసి, పిల్లల వైపు తిరిగి, జిద్దా పోర్చుగీసువాళ్లకు చిక్కిందా అని తేలిక అరబిక్‌లో అడిగాడు.

"లా!" అని తరగతంతా ఒక్కసారే అరిచింది. లేదని అర్థం.

ఆయన నవ్వి, పాఠం కొనసాగించమని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఖాదర్ బాషా నుదురు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"గండం గడిచింది సార్. సరే గానీ, ఆ ఓడలు మళ్లా యాడికి పోయినాయి?"

ఫిర్యాదు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆ సంవత్సరం మూడు పాఠాలూ పూర్తిచేశాను. దూరదేశపు చరిత్రను పిల్లలున్న చోటు నుంచే మొదలుపెట్టాలని, దేన్నీ దాచకుండా చెప్పే పాఠాన్ని ఎవరి ముందైనా సమర్థించుకోవచ్చని ఆ పీరియడ్ నేర్పింది. పదవీ విరమణ దాకా అలాగే బోధించాను.