మావయ్య అరచేతులు

మొన్న బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్‌లో బీపీ మాత్రలకి మందుల షాపుకెళితే, నా ముందున్న పెళ్ళీడు కుర్రాడు కండోమ్ తొడుగుల ప్యాకెట్ గట్టిగా అడిగి కొనుక్కుని, ఈల వేసుకుంటూ పోయాడు. మన రోజుల్లో అయితే షాపువాడు దాన్ని పాత పేపర్లో చుట్టేవాడు, కొన్నవాడు తల వంచుకుని సందు మళ్ళేవాడు, జ్ఞాపకముందా? నాకు నవ్వొచ్చింది, వెంటనే మా మావయ్య గుర్తొచ్చాడు.

అమ్మకి వరసకు తమ్ముడు. రైల్వే క్వార్టర్లున్న ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ఇంటి వెనకే ఉండేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం దొరక్క, సాయంత్రాలు స్టేషన్ బయట ఆవనూనె సీసాలతో కూర్చుని, వచ్చినవాళ్ళకి ఒళ్ళు పట్టి మాలిష్ చేసేవాడు. మాలిష్ వాళ్ళలో కొందరు డబ్బిచ్చే మగవాళ్ళతో పడుకునేవారని ఊరందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. మావయ్యా ఆ కొందరిలో ఒకడే. మనిషి మాత్రం ఎంత సరదా మనిషనుకున్నారు, అతనొచ్చాడంటే మా అమ్మ పొయ్యి మీది కూర మాడిపోవాల్సిందే!

అరవైల చివర్లో నేనొక బెంగాలీ డాక్టరుగారి దగ్గర నర్సుగా చేరాను. ఒక మధ్యాహ్నం మావయ్య రసగుల్లాల కుండతో క్లినిక్‌కి వచ్చి, శ్రీకాకుళం వైపు పిల్లతో తనకి పెళ్ళి కుదిరిందన్నాడు. కుండ అందిస్తున్న అరచేతుల నిండా రాగి రంగు మచ్చలు. ఆవనూనె పడలేదంటాడు. డాక్టరుగారు అరికాళ్ళు కూడా చూసి, నొప్పి లేని పుండేదైనా వచ్చి దానంతటదే మానిందా అని అడిగి, ఇది సుఖవ్యాధి, రక్తపరీక్ష చెయ్యాలన్నారు. మావయ్య పకపకా నవ్వాడు.

"నాను ఆడదాని జోలికే ఎల్లలేదు కదే అమ్మీ, ఆ రోగం నాకెలాగొస్తాది?"

మాలిష్ వాళ్ళందరి ధీమా అదే. మగవాడి నుంచి మగవాడికీ వస్తుందని, పుండు మానినా రోగం రక్తంలోనే ఉంటుందని, ఇలాగే పెళ్ళి చేసుకుంటే ఆ పిల్లకీ, పుట్టబోయే బిడ్డకీ అంటుకుంటుందని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పాక ఆ నవ్వు ఆగింది. ముహూర్తం దగ్గర పడుతోంది, పెళ్ళి ఆపాలి, ఎందుకో ఎవరికీ చెప్పకూడదు.

మావయ్యే చక్కబెట్టాడు. నడుం పట్టేసిందని మంచమెక్కి, పెళ్ళి వాయిదా వేయించి, పెన్సిలిన్ సూదులు వేయించుకున్నాడు. ఊరందరి నడుములు సరిచేసేవాడి నడుం పట్టిందని మా అమ్మ నవ్వలేక చచ్చింది. పరీక్షలో పాజిటివ్ రాగానే మావయ్య మరో పని కూడా చేశాడు, తన జట్టునంతా సినిమాకి తోలుకొచ్చినట్టు క్లినిక్‌కి తోలుకొచ్చాడు. ఆ రోజు అక్కడ పెళ్ళివారి విడిదే! సూదికి భయపడి పారిపోయిన మీసాలాయన్ని మిగతావాళ్ళు భుజాల మీద ఎత్తుకొచ్చారు. కుటుంబ నియంత్రణ వాళ్ళిచ్చిన తొడుగులు పంచితే, మాకు పిల్లలు పుట్టరు కదా సిస్టరమ్మా అని ఒకటే నవ్వు. రోగం అంటకుండా ఉంటుందని నచ్చజెప్పి పంపితే, అన్నీ చిరిగిపోతున్నాయని మళ్ళీ వచ్చారు. చిరగవూ మరి, ఒళ్ళంతా ఆవనూనె! నూనె తగిలితే రబ్బరు పాడవుతుందని డాక్టరుగారు చెప్పాక, ముందు సబ్బుతో కడుక్కోండ్రా అని మావయ్య అందరి వెంటా పడేవాడు.

కొన్ని నెలలకి, ఇక భయం లేదు, పెళ్ళి చేసుకోవచ్చని డాక్టరుగారు చెప్పిన రోజు నేను ఎగిరి గంతేశాను. మావయ్య మాత్రం బల్ల మీద కూర్చుండిపోయాడు.

"రోగం పోనాది గానీ, నా మనసు ఆడపిల్ల మీదికి పోదే అమ్మీ. ఆ పిల్లని తెచ్చి ఏటి సుకపెట్టగలను?"

సంబంధం వదులుకున్నాడు. ఆ పిల్లకి మా ఊళ్ళోనే ఒక రైల్వే ఉద్యోగితో పెళ్ళయింది. బంగారంలాంటి పిల్లల్ని కంది, నాకు ప్రాణ స్నేహితురాలైంది. మావయ్య ఎదురైతే చాలు మొహం తిప్పుకునేది. అతను పోయి ఇన్నేళ్ళయినా, మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇప్పటికీ నన్నడుగుతుంది.

"నాలో ఏటి తక్కువైనాదని ఆడు నన్నొద్దన్నాడు?"

ఈ కాలంలో అయితే మావయ్య తన మనసు సంగతి ఆమెకే చెప్పుకోగలిగేవాడేమో, ఆమె తన పెళ్ళికి అతన్నీ పిలిచి అక్షింతలు వేయించుకునేదేమో. మా కాలంలో తన గుట్టు నా చేతిలో పెట్టి పోయాడు. నేను మాట మార్చి ఆమెకి టీ పెట్టిస్తాను.