ఏజెన్సీ మాట ఎత్తొద్దన్నారు

ఫ్యాను గాలి కూడా వేడిగా కొట్టే ఒక మధ్యాహ్నం, చిలకలగూడలోని మా ఇంట్లో అక్క రెండు దుప్పట్లు కప్పుకుని వణికింది. మంచం కోళ్ళు గచ్చు మీద టకటకలాడాయి. తర్వాత ఒళ్ళు కాలిపోయింది. సాయంత్రానికి చెమటతో తడిసి ముద్దయింది. మర్నాడు ఏమీ జరగనట్టు లేచి ఇడ్లీలు తిన్నది. ఆ మర్నాడు మళ్ళీ అదే వేళకి వణుకు.

అక్క స్కూలు టీచరు. వేసవి సెలవుల్లో మా సంఘం వాళ్ళతో ఏజెన్సీ ఊళ్ళకి వెళ్ళి, అక్కడి పిల్లలకి పాటలూ బైబిలు కథలూ నేర్పి వచ్చింది. వచ్చి రెండు వారాలైంది. అక్కడ అడవి పక్కన బడి వరండాలో చాపలు పరుచుకుని పడుకున్నారు. దోమతెరలు లేవు.

నాకు పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా పేట గ్రంథాలయంలోనే. ఉష్ణదేశాల జబ్బుల మీద అక్కడ ఒక లావుపాటి పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని దోమల అధ్యాయం పూర్తిచేశాను. అది చెప్పుకోవడానికి నాకు గర్వమే. డెంగీ అయితే ఉన్నట్టుండి జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒంటి మీద దద్దు. చికున్‌గున్యా కీళ్ళు పట్టేస్తుంది. చలి, కాక, చెమట ఒకదాని వెనక ఒకటి వస్తే మలేరియాని అనుమానించాలి. ఆ వరస కుదరకపోయినా సరే, అలాంటి చోటికి వెళ్ళొచ్చిన మనిషికి జ్వరం వస్తే, వచ్చి వారాలైనా, ముందు రక్తం చూడాలి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటే: ఎక్కడికి వెళ్ళొచ్చారు?

మా వీధి చివరి డాక్టరు ఆ మాట అడగలేదు. అమ్మ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి. అంతకుముందే సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. సేవకి వెళ్ళి జబ్బు తెచ్చుకుందని నలుగురికీ తెలిస్తే వచ్చే జట్టుకి ఎవరూ పిల్లల్ని పంపరనీ, ఏజెన్సీ మాట ఎత్తొద్దనీ చెప్పి, ప్రార్థన చేసి వెళ్ళాడు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది, ఆయన మాట దాటేది కాదు. బోయిన్‌పల్లిలో తిన్న పెళ్ళి భోజనం పడలేదని డాక్టరుకి చెప్పింది.

డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. మలేరియాకి రక్తం చూడమని నేను అడిగాను.

"ఏం చదివినవమ్మా నువ్వు?"

"లైబ్రరీలో చదివానండీ."

"మంచిగుంది. గట్లనే చదువుకో. సూది నేనిస్తా."

ఏజెన్సీ అన్న మాట నా నోట్లోంచి వచ్చేలోపు అమ్మ నా మోచెయ్యి నొక్కింది, ఆయన తర్వాతి పేషెంటుని పిలిచేశాడు.

జ్వరం లేని రోజు చూసి సంఘ పెద్ద మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించాడు. అక్క చేత సాక్ష్యం చెప్పించాడు. స్వస్థత దొరికిందని అక్క నమ్మకంగానే చెప్పింది, అందరూ స్తోత్రం అన్నారు. రేపు మళ్ళీ వణుకు వస్తుందని నేను వంటింట్లో, కూడికకి వచ్చిన పిన్నితో అంటే, అవిశ్వాసపు మాటలు మాట్లాడకు అని కసిరింది. జబ్బు ఒక రోజు ఊపిరి తీసుకుంటే దానికి కూడా పాటలు పాడారు వీళ్ళు.

మర్నాడు జ్వరంలో అక్క అమ్మని గుర్తుపట్టలేదు. స్కూల్లో బెల్లు ఎందుకు కొట్టలేదని ఆమెనే అడిగింది. నేను ఇక ఎవరినీ అడగలేదు. ఆటో పిలిచి అక్కనీ అమ్మనీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ అక్క కనురెప్ప కిందికి లాగి చూస్తూనే అడిగింది: "ఈమె యాడికన్న పోయొచ్చిందా?"

నేను అంతా చెప్పాను. ఏజెన్సీ, వరండా, చాపలు, దోమతెరలు లేకపోవడం. వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తం తీశారు. మలేరియా. ఇంకొంచెం ఆలస్యమైతే మెదడుకి పోయేదని డాక్టరమ్మ అమ్మకేసి చూస్తూ చెప్పింది.

అక్క ఇంటికొచ్చి లేచి కూర్చున్నాక సంఘ పెద్ద బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. వచ్చే సోమవారం రెండో జట్టు బయల్దేరుతోందనీ, ఈ మలేరియా సంగతి మనలోనే ఉండాలనీ మెల్లగా అన్నాడు.

అక్క నీరసంగానే అడిగింది. "దోమతెరలు కొన్నారాండీ?"

"దేవుడు కాపాడతాడమ్మా."

నేను నోరు తెరిచాను. కానీ ముందు మాట్లాడింది అమ్మ.

"ఎవరెవరి పిల్లలు వెళ్తున్నారు?"

ఈసారి అన్నయ్యగారూ అనలేదు. ఆయన ప్రార్థన చేసుకుందామన్నాడు. అమ్మ మళ్ళీ అదే అడిగింది. ఆయన చెప్పకపోతే అక్కే చెప్పింది: మౌలాలిలో రెండిళ్ళు, మా వెనక వీధిలో ఒకటి.

అమ్మ చెప్పులు వేసుకుని అప్పుడే బయల్దేరింది.