వసుంధర మేడం కట్టిన వరుస

మొన్న ఒక పని మీద జగిత్యాల వెళ్ళి బస్టాండు వైపు నడుస్తుంటే, దారి పక్క మైదానంలో ట్యాంకరుతో నేల తడుపుతున్నారు. తడిసిన ఎర్రమట్టి మీద ఒకామె వంగి సున్నంతో గీత పోస్తోంది. తడిమట్టి వాసనా సున్నపు ఘాటూ కలిసి ముక్కుకు తగలగానే నా నడక ఆగింది. చాలామందికి ఆ వాసన ఆటల సంబరాన్ని గుర్తుచేస్తుంది. నాకు మాత్రం, ఎవరో నా చేతికి మైకు ఇచ్చి, అందరూ చూస్తుండగా చదవమంటారేమోనన్న భయం ఇప్పటికీ కలుగుతుంది. ఒకప్పుడు నా చేతికి ఆ మైకు ఇచ్చినావిడ వసుంధర మేడం. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడను ఎన్నడూ చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆవిడ వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఒకప్పుడు ఊరిని ఏలిన దొరల ఇంటి ఆడబిడ్డ. వాళ్ళమ్మ తెర కట్టిన బండిలో తప్ప గడప దాటలేదట. ఈవిడ ట్రాక్ సూటు వేసుకుని, సైకిలెక్కి, సిరిసిల్లలో ఆడపిల్లల బడికి వెళ్ళి కబడ్డీ నేర్పారు. ఉద్యోగ విరమణ తర్వాత జగిత్యాల ఖిలాకు దగ్గరలో ఒక చిన్న ఇంట్లో ఉండేవారు. వానకాలం కోతలు అయిపోయాక చుట్టుపక్కల పట్టణాల మహిళా కబడ్డీ క్లబ్బులు ఆడుకునే టోర్నమెంటుకు ఆవిడే కన్వీనరు. ఆటలేని నెలల్లో అమ్మాయిలు జట్లు మారేవారు. టోర్నమెంటుకు ముందు, ఏ జట్టులోంచి ఎవరు పోయారు, ఏ జట్టులోకి ఎవరు వచ్చారు అన్నది తూచి, క్లబ్బులన్నిటినీ ఒక వరుసలో పెట్టాలి. మొదటి నాలుగు జట్లకు ప్రధాన దశలో నేరుగా చోటు. మిగిలినవి ఒక్క అర్హత మ్యాచు ఆడి, గెలిస్తేనే లోపలికి రావాలి. ప్రధాన దశ ఆడిన వాళ్ళకే క్రీడా కోటాలో ఉద్యోగానికి పనికొచ్చే ధ్రువపత్రం దక్కేది. కనుక ఆ వరుస కాలక్షేపం కాదు. ఏటా ఎవరో ఒక అమ్మాయి బతుకు దాని మీద ఆధారపడి ఉండేది.

నేను కోరుట్ల క్లబ్బుకు ఆడి, మోకాలు దెబ్బతిని ఆట మానేసినదాన్ని. అప్పటికి జగిత్యాలలో ఇంజనీరింగు విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ప్రతి మ్యాచు అంకెలూ నేను కంప్యూటరులో ఎక్కిస్తున్నానని తెలిసి ఆవిడే కబురు పంపారు. మొదటిసారి నేను తయారుచేసిన పట్టిక చూసి కళ్ళద్దాలు తీశారు.

“ఇదేంది బిడ్డా, వచ్చినోళ్ళను ముందట రాసినవ్?”

“జట్టును మార్చేది వాళ్ళే కదా మేడం.”

“కొత్త పేర్లు సూడంగనే మనసు పొంగుతది. గా పొంగిన మనసుతోని పోయినోళ్ళను తూస్తే తక్కువ తూగుతరు. ముందుగాల పోయినోళ్ళను రాయి. ఖాళీలు ఎక్కడెక్కడున్నయో సూడు. గప్పుడు వచ్చినోళ్ళను తీస్కరా.”

ఆ పద్ధతిలోనే మేము కలిసి పనిచేశాం. ఆవిడ మొండి మనిషి, కానీ మూర్ఖురాలు కాదు. ఒక ఏడు ఆవిడ ఎల్లంతకుంట జట్టును అడుగున పెడితే, వాళ్ళు కూతకు వెళ్ళి తెచ్చిన పాయింట్లను విడదీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, “నా కండ్లు ముసలైనయ్, నీ అంకెలు పడుచుగున్నయ్, పో” అని నవ్వి ఆ జట్టును పైకి జరిపారు.

మా మధ్య నిజంగా పేచీ వచ్చింది రజిత విషయంలో. రజితది వీర్నపల్లి. తండ్రి తాటిచెట్లెక్కే గీత కార్మికుడు. సిరిసిల్ల బడిలో మేడం దగ్గరే ఆట నేర్చుకుని, సిరిసిల్ల క్లబ్బుకు కెప్టెన్ అయింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆమె వయసు గడువు ఆ ఏటితో ముగుస్తోంది. రాత పరీక్షకు బాగా చదివింది. సిరిసిల్ల అప్పటిదాకా ప్రధాన దశకు చేరలేదు కనుక, చేతిలో లేనిది ఆ ధ్రువపత్రం ఒక్కటే.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. జట్టు మారదలచిన అమ్మాయి తన జెర్సీని ఉతికి, మడిచి, అందరి ముందూ పాత కెప్టెన్ చేతికి ఇవ్వాలి. కెప్టెన్ తీసుకుంటేనే విడుదల. తీసుకోకపోతే ఆ ఏడు పాత జట్టులోనే ఆడాలి. ఆ ఏడు మేడం ఇంటి వరండాలో సిరిసిల్ల జెర్సీ పట్టుకుని నిలబడింది మమత. బరిలో ఏళ్ళ తరబడి రజిత పక్కనే నిలబడిన పిల్ల.

“అక్కా, జగిత్యాలల కోచింగున్నది. హాస్టల్ల సీటు గూడ దొరికింది,” అంది మమత తల ఎత్తకుండా.

రజిత ఆ జెర్సీ వైపు చూసింది. “ఉతికినవా, గట్లనే తెచ్చినవా? ఈడిదాక చెమట వాసనొస్తుంది.”

మమత నవ్వబోయి ఏడ్చేసింది. మేడం మధ్యలోకి వచ్చారు. “రజితా, వద్దనుకుంటే తీస్కోకు. నీకు హక్కున్నది. ఈ ఏడు నీకెంత అవుసరమో అందరికెరికే.”

“దాన్ని కట్టేసి ఆడియ్యాల్నా మేడం?” అంటూ రజిత రెండు చేతులతో జెర్సీ తీసుకుంది. ఆ క్షణంలో ఏం వదులుకుందో ఆమెకు పూర్తిగా తెలుసని నేననుకోను. మేడం ముఖం చూస్తే ఆవిడకు తెలుసనిపించింది.

నా లెక్క ప్రకారం సిరిసిల్లది నాలుగో స్థానం, కోరుట్లది అయిదోది. మమత పోయినా, కూతకు వెళ్ళే మంచి అమ్మాయిలు ఇద్దరు వేరే ఊళ్ళ నుంచి వచ్చి చేరారు. వాళ్ళలో అనూష అనే పిల్ల ఒడుపైనది. మేడం నా పట్టిక చూసి, సుద్ద తెమ్మని, వరండా నేల మీద బరి గీశారు. ఎడమ మూలన ఒక చుక్క పెట్టి, “రజిత” అన్నారు. పక్కన ఇంకో చుక్క పెట్టి, “మమత” అని వెంటనే చేత్తో తుడిచేశారు.

కబడ్డీలో మూలన ఉన్న ఆటగత్తె, పక్కనున్న ఆటగత్తె చేయి పట్టుకుని నిలబడుతుంది. కూతకొచ్చిన పిల్ల చీలమండ కోసం మూలన ఉన్నామె దూకితే, పక్కనున్నామె తిరుగుదారి మూసేస్తుంది. ఇద్దరూ కలిస్తేనే ఆ పట్టు.

“గీ చెయ్యి ఇప్పుడెవలు పట్టుకుంటరు?”

“అనూష పట్టుకుంటుంది మేడం.”

“పట్టుకునుడు తొందరగనే వస్తది బిడ్డా. ఇడిసిపెట్టుడుకే ఏండ్లు పడ్తది. రజిత దునికేటప్పుడు మమత చెయ్యి తనంతట తనే జారిపోతుండె. నువ్వు మమతనొక్కదాన్నే తీసేసినవ్. దానెంబడి రజితల సగం గూడ పోయింది. గది తీసెయ్యలే.”

“అది మీ ఊహ. దానికి నా దగ్గర అంకె లేదు.”

“అవ్, ఊహనే. అంకె లేదని నువ్వు సున్న రాసినవ్. సున్న గూడ ఊహనే కదా?”

అయినా ఊరుకోలేకపోయాను. “ఇది రజితకు ఆఖరు ఏడు. తెలుసు కదా మేడం?”

ఆవిడ సుద్దముక్కను కింద పెట్టారు. “కోరుట్లల ఎవలికి ఆఖరు ఏడు?” అని అడిగారు. నాకు తెలుసు. నేను వాళ్ళతో కలిసి ఆడినదాన్నే. ఇద్దరి పేర్లు చెప్పాను. ఆవిడ తల ఊపి, కోరుట్లను నాలుగులోనూ సిరిసిల్లను అయిదులోనూ రాశారు.

వరుస ప్రకటించే రోజు ఆవిడకు గొంతు పోయింది. నన్ను చదవమన్నారు. షామియానా కింద కెప్టెన్లూ క్లబ్బు పెద్దలూ కూర్చున్నారు. నాలుగో పేరు నా నోటి నుంచి రాగానే సిరిసిల్ల క్లబ్బు పెద్ద, మరమగ్గాల ఆసామి రాజేశం లేచాడు.

“కోరుట్ల పిల్లతోని కోరుట్లకు నాలుగు సదివిపిస్తున్నరా? బాగున్నది దొరసాని తీర్పు!”

మేడం నా చేతిలోంచి మైకు తీసుకుని, బొంగురు గొంతుతోనే అన్నారు: “రాజేశం, గొంతు దానిది, వరుస నాది. దాని లెక్కల సిరిసిల్లకే నాలుగొచ్చింది. నేనే మార్చిన. తిట్టాల్నంటే నన్ను తిట్టు.”

“ఎందుకు మార్చిన్రో గది జెప్పున్రి మరి!”

ఆవిడ చెప్పారు. వరండాలో నాకు చెప్పిందే, ఒక్క మాట తగ్గించకుండా, రజిత ఎదురుగానే చెప్పారు. రజిత కూర్చున్న చోటు నుంచే అడిగింది.

“అంటే నేను సగమేనా మేడం?”

“ఇయ్యాల్టికి సగమే బిడ్డా.”

రజిత లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అర్హత మ్యాచు దాకా అనూషతో కలిసి పొద్దునా సాయంత్రం ఆ పట్టొక్కటే సాధన చేసిందని విన్నాం. కన్వీనరు ఏ జట్టుకూ సలహా చెప్పకూడదన్నది మేడం తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. సిరిసిల్ల వైపు వెళ్ళలేదు. కానీ నేను కనబడినప్పుడల్లా మాటల మధ్యలో, ఏమీ పట్టనట్టు, “గా పిల్లలు ఎట్ల చేస్తున్నరట?” అని అడిగేవారు.

అర్హత మ్యాచులో సిరిసిల్ల ఎదుట పడింది ఎల్లంతకుంట. స్కోరు బల్ల దగ్గర నేనూ, నా పక్కన కుర్చీలో మేడం. చివరి కూత మొదలయ్యేసరికి సిరిసిల్ల ఒక్క పాయింటు ముందుంది. ఎల్లంతకుంట పిల్ల కూత పెట్టుకుంటూ వచ్చింది. కుడివైపు రెండడుగులు వేసినట్టే వేసి, ఒక్కసారిగా ఎడమ మూలకు తిరిగింది. కాలు చాచింది. రజిత దూకింది. ఆ దూకుడులో తప్పేమీ లేదు, నేను ఎదురుగా ఉండి చూశాను. కానీ అనూష భయంతో ఆమె చేతిని మరింత గట్టిగా పట్టుకుంది. ఇద్దరి చేతులూ తాడులా బిగిశాయి. రజిత వేళ్ళు చీలమండను తాకాయి, పట్టు మాత్రం దొరకలేదు. ఆ పిల్ల వెనక్కి మళ్ళుతూ అనూష భుజాన్ని కూడా తాకి గీత దాటింది. రెండు పాయింట్లు. ఈల మోగింది.

రాజేశం మా బల్ల దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం లేదు. “మీరన్నదే అయింది మేడం,” అన్నాడు. ఆవిడ అతని వైపు చూడనైనా లేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి బరిలోకి నడిచారు. స్కోరు షీటు పట్టుకుని నేను వెనకే వెళ్ళాను.

రజిత మట్టిలోనే కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అనూష వెక్కివెక్కి ఏడుస్తోంది. “ఇగ సాలు గాని, ముక్కు తుడుసుకో. గట్టిగ పట్టుకునుడు గూడ తప్పేనా?” అంటోంది రజిత. మేడం ఆమె పక్కనే, ఆ తడి నేల మీదే కూర్చున్నారు. రజిత తల తిప్పలేదు.

“మీకు ముందే తెలుసు గద మేడం.”

“తెల్వది బిడ్డా. అయిదని రాసిన. రాసిన కాడికెల్లి, గది తప్పు కావాల్నని దేవునికి మొక్కుకుంటనే ఉన్న. గిప్పుడు గూడ, నువ్వు దునికినప్పుడు...”

“తప్పయితే మీ ఇజ్జత్ పోతుండె.”

“పోతే పోతుండె.”

రజిత అప్పుడు ఆవిడ వైపు చూసింది. రజితకు ఆ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఆటలు నేర్పుతోంది. మేడం చేసింది న్యాయమని గానీ అన్యాయమని గానీ ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. మేడం పోయిన రోజున మాత్రం అందరికంటే ముందు వచ్చింది ఆమే.

నేను పాఠాలు మానేసి, పాత కట్టడాలు నిలుస్తాయో లేదో పరీక్షించి చెప్పే పనిలోకి మారాను. నేను రాసే ఒక్క మాటతో జనం ఇళ్ళు ఖాళీ చేయవలసి వస్తుంది. పోయిన ఏడు కోరుట్లలో ఒక మిద్దెను చూసి, వానలకు ఆగదు, ఉండడానికి పనికిరాదని రాశాను. కింది గదిలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, “ఇంకొన్నేండ్లు ఆగదా అమ్మా? పుట్టినకాన్నుంచి గీడనే ఉన్న,” అన్నాడు. కొలతలు మరోసారి తీసుకున్నాను. మాట మార్చలేదు. అతను మిషను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వానకాలమంతా, పని లేకపోయినా, నేను ఆ వీధి గుండానే వెళ్ళాను. రాత్రంతా వాన కొట్టిన తెల్లవారి, మూల తిరిగే ముందు నా అడుగు నెమ్మదించేది. ఆ మిద్దె నిలబడి ఉండేది. నా లెక్క ఇంకో పొద్దు తప్పినందుకు, గుండెల నిండా గాలి పీల్చుకుని ముందుకు నడిచేదాన్ని.