చెయ్యి ఎండేదాకా

మా మేనత్త పోయింది. నాన్న ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో అన్నం తినేసి, డబ్బా మూత బిగిస్తూ లేస్తున్నాను. "అత్త వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. కొన్నాళ్ళుగా ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి అనుకోనిదేమీ కాదు. అయినా నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఒళ్ళుమంట. తిన్న వెంటనే లేచిపోయే నా అలవాటు మీద ఆవిడకూ నాకూ ఏళ్ళ తరబడి పోట్లాట. ఆఖరి కబురు కూడా సరిగ్గా నేను లేచే వేళకే పంపించింది.

పాస్టరుగారు సంఘం గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టారు. ఆ నిద్ర సంగతి నాకు తెలియదు గానీ, మెలకువగా ఉన్నన్నాళ్ళూ ఆవిడ మా ప్రాణాలు తీసింది. కుదురుగా ఉండనివ్వక కాదు, కుదురుగా కూర్చోబెట్టి.

మా మామయ్య ఓడల ఇంజన్లు బాగుచేసేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో నేర్చుకున్న పనితోనే స్పెయిన్ దేశంలో కాదిజ్ అనే రేవు ఊరికి వెళ్ళాడు, అత్తను కూడా తీసుకెళ్ళాడు. చాలా ఏళ్ళు అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే మామయ్య పోతే, పిల్లలు లేని మనిషి కదా అని నాన్న అత్తను ఇక్కడికి, పోర్ట్ బ్లెయిర్ పక్కన ప్రోతరాపూర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాడు. అన్నాళ్ళు పరదేశంలో ఉన్నవాళ్ళు సెంటు సీసాలో గడియారాలో తెస్తారు. మా అత్త అలవాట్లు తెచ్చింది.

పొద్దున్నే బేకరీకి నడిచి వెళ్ళి వేడి రొట్టె కొనేది. దారిలోనే దాని కొస తుంచుకుని తినేది. కాదిజ్‌లో అందరూ అలాగే చేస్తారట, ఇంటికి చేరేసరికి కొస మిగలడం అంటే రొట్టె బాగా లేదని లెక్కట. "రోజూ ఎలక కొరికిన రొట్టె తింటున్నాం" అని అమ్మ గొణుక్కునేది. ఎవరైనా తింటూ కనబడితే చాలు, తెలిసినవాళ్ళా కాదా అని చూడకుండా "బ్వెన్ ప్రొవెచో" అనేది. తృప్తిగా తినండి అని దాని అర్థం. బస్టాండులో సమోసా నోట్లో పెట్టుకున్న కండక్టరుకి కూడా చెప్పింది. అతను తిట్టిందేమోనని సమోసా చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. సంజాయిషీ చెప్పుకోవలసింది ఎవరు? నేను.

ఇక సాయంత్రాలు. ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్ళి గేటు బయట రోడ్డు పక్కన వేసుకునేది. అక్కడ ఆడవాళ్ళంతా చల్లబడ్డాక వీధిలో కుర్చీలు వేసుకుంటారట. ఇక్కడ మాత్రం వచ్చే ఆటో, పోయే ఆటో ఆగేది.

"ఆంటీ, కహా జానా హై?"

"ఎక్కడికీ లేదు భయ్యా, ఊరికే కూకున్నాను. తిన్నావా?"

ఆ పిలుపుకి దిగి గట్టు మీద కూర్చున్న ఆటోవాళ్ళకు టీ పెట్టి పెట్టి అమ్మ చేతులు పడిపోయాయి.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఆదివారం భోజనం. దాని గురించి చెప్పాలంటే మా నాన్న, చిన్నాన్నల గొడవ చెప్పాలి. మా ఆరాధన తెలుగులో జరుగుతుంది. కానీ ఇక్కడే పుట్టి హిందీ బళ్ళలో చదివిన కుర్రకారుకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ళకు పాటలు నేర్పే చిన్నాన్న, తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసి కాగితాలు పంచాడు. సంఘ పెద్ద అయిన నాన్న ఆరాధన మధ్యలో లేచి, ఆ కాగితాలన్నీ వెనక్కి లాక్కున్నాడు. "అచ్చరం పోయాక పాటెందుకురా?" అన్నాడు అందరి ముందూ. చిన్నాన్న అప్పుడే బయటికి నడిచి, ఆస్టినాబాద్‌లో తన ఇంటికి దగ్గరగా ఉన్న ఇంకో సంఘంలో చేరిపోయాడు. అన్నదమ్ములకు మాటలు లేవు.

ప్రతి ఆదివారం అత్త చిన్నాన్నను భోజనానికి పిలిచేది. అక్క మాట తీసెయ్యలేక వచ్చేవాడు. ఇద్దరూ తల దించుకుని తినేవారు. చివరి ముద్ద గొంతు దిగకుండానే ఒకరు పెరట్లోకి, ఒకరు స్కూటర్ దగ్గరికి. అక్కడ అత్త అడ్డం పడేది.

"కూకోండి. ఎవులూ లెగొద్దు. తినడం అయిపోయింది గానీ భోజనం అవలేదు."

తిన్నాక బల్ల దగ్గరే కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడానికి వాళ్ళకు ఒక పేరు కూడా ఉంది. సోబ్రెమేసా. మాకు పేరు లేదు, ఎంగిలి చెయ్యి ఉంది. "ఆళ్ళు చెంచాలతో తింటారత్తా, ఆళ్ళ చెయ్యి ఎండదు. మనం పులుసు చేత్తో ఎంతసేపు కూకుంటాం?" అని నేను విసుక్కునేదాన్ని.

"ఎండితే ఎండనీవే కోడలా. నీ చెయ్యే కదా, ఎక్కడికీ పోదు."

అమ్మకైతే అది మహా అపచారం. ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకోకూడదని చిన్నప్పటి నుంచీ మా నెత్తిన మొట్టిన మనిషి. ఆదివారం మధ్యాహ్నం పడుకుందామనుకున్న నా నిద్ర కూడా ఆ బల్ల దగ్గరే తెల్లారిపోయేది.

కాదిజ్‌కు వెళ్ళిన కొత్తలో అత్తకు వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు. పక్క వాటాలో ముసలావిడ ఆదివారం భోజనానికి పిలిచిందట. తినగానే అత్త అలవాటుగా లేచి పళ్ళేలు తియ్యబోయింది. ముసలావిడ మణికట్టు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. చిన్న గ్లాసులో కాఫీ పోసింది. వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు, అత్త వింటూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు లేచారు. "అలా ఆదోరం ఆదోరం కూకునే నాకు బాస ఒచ్చింది. తినేసి ఎల్లిపోతే ఈ జన్మకి రాదు" అనేది. మాటలాడుకోవడమే రానివాళ్ళకు బల్ల దగ్గర మాట వస్తుందని ఆవిడ నమ్మకం. కానీ నాన్నా చిన్నాన్నా ఇద్దరూ ఆవిడతోనే మాట్లాడేవారు, ఒకరితో ఒకరు కాదు. "అక్కా, పులుసు బాగుంది." "అక్కా, ఓడ లేటంట." అంతే.

ఆసుపత్రిలో కూడా అదే గోల. సెలైన్ ఎక్కుతోంది, మాట సరిగ్గా రావడం లేదు, నా చెయ్యి పట్టుకుంది.

"నాను లేకపోతే ఆళ్ళిద్దరూ తిని లెగిసిపోతారే."

"ముందు నువ్వు పడుకో అత్తా, మాటాడకు."

"నువ్వూ లెగిసిపోతావు" అంది.

సమాధి దగ్గర కుర్రవాళ్ళు అత్తకు ఇష్టమైన పాట అందుకున్నారు. రెండు సంఘాల పిల్లలూ ఉన్నారు. అందరూ ఫోన్లు చూసి పాడుతున్నారు. నాన్న తన పక్కనున్న అమ్మాయి ఫోనులోకి తొంగిచూశాడు. హిందీ అక్షరాలు. ఇక్కడ కూడా లాక్కుంటాడేమో అనుకున్నాను. నాన్న తనూ గొంతు కలిపాడు, మధ్యలో ఆగిపోయాడు.

ఇంటికి వచ్చాక సంఘం ఆడవాళ్ళు తెచ్చిన అన్నం, పప్పుచారు వడ్డించారు. తినడం అయిపోయింది. చిన్నాన్న కుర్చీ వెనక్కి జరిపాడు. నేనూ లేవబోయాను.

"ఆ పాట పిల్లలకి ఎవుడు రాసిచ్చాడు?" అన్నాడు నాన్న, పళ్ళెంలోకి చూస్తూ.

"నానే" అన్నాడు చిన్నాన్న.

"మూడో చరణం లేదు."

"నాకు రాదు అన్నయ్యా. అక్కకొచ్చు. ఆసుపత్రి నుంచి ఒచ్చాక అడుగుదావనుకున్నాను." చిన్నాన్న కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకున్నాడు. "ఇప్పుడెవుర్నడగను?"

నాన్న వేలితో పళ్ళెం అంచు గీస్తూ కూర్చున్నాడు. "నాకొచ్చు. రాసుకో" అన్నాడు.

"నాను హిందీలోనే..."

"అరే, దేంట్లోనో ఒక దాంట్లో రాయరా. మళ్ళీ మర్చిపోతాను."

చిన్నాన్న కుడి చేతి నిండా పప్పుచారు. ఎడమ చేత్తో ఫోను తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. నాన్న ఒక్కో మాటా చెబుతున్నాడు. చిన్నాన్న ఎడమ బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు, తప్పు నొక్కి చెరుపుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. ఆ వేగంతో ఆ చరణం సాయంత్రానికి కూడా అవదు. "చెయ్యి కడుక్కుని రాయొచ్చు కదా" అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, వాళ్ళిద్దరినీ చూసి, చెంబు కింద పెట్టి తనూ కూర్చుంది.

నా వేళ్ళ మధ్య మెతుకులు ఎండి గట్టిపడ్డాయి. ఎప్పటిలాగే చిరాకేసింది. లేవలేదు.