ఆరువందల మిడత కాళ్లు

సిద్దిపేటలో లింగమూర్తి వాళ్ల నాయిన బుచ్చిరాములు పేరు మీద ఒక రంగు ఉండేది. గొల్లభామ చీరలు నేసే మగ్గాలకు ఆయన నూలుకు రంగు అద్ది ఇచ్చేవాడు. నేతగాళ్లు వచ్చి ఎరుపు కావాలని అడిగేవాళ్లు కాదు, "బుచ్చిరాములు ఎరుపు" కావాలని అడిగేవాళ్లు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పటికీ ముసలి నేతగాళ్లు ఏదైనా ఎర్రచీర చూస్తే ముక్కు విరిచి, "మంచిగనే ఉన్నది గని, బుచ్చిరాములుది కాదు" అంటారు.

కొడుకు సంగతి వేరు. లింగమూర్తి భివండిలో బట్టల మిల్లులో పద్నాలుగేళ్లు రంగుతొట్టి దగ్గర నిలబడ్డాడు. అక్కడ అతనికి పేరే లేదు. అయిదో తొట్టి అతనిది కాబట్టి అతను "పాంచ్ నంబర్". జీతం ఇచ్చినా పాంచ్ నంబరే, తిట్టినా పాంచ్ నంబరే. ఒకసారి అతనికి చలిజ్వరం వచ్చి, పాంచ్ నంబర్ పనిచేయట్లేదని ఎవరో చెబితే మేనేజర్ తొట్టికి మెకానిక్కును పంపించాడు. ఆ రోజు దుప్పటి కప్పుకుని లింగమూర్తి ఏడ్చినంత పని చేశాడు. జ్వరం తగ్గగానే సంచీ సర్దుకుని, మళ్లీ ఈ మొహం చూడనని భివండికి దండం పెట్టి సిద్దిపేట బస్సెక్కాడు.

ఇంటికొచ్చి ఏం చేయాలి? నూలుకు రంగు అద్దించుకునే మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అప్పుడు దొరికాడు దేవరాజు. ఊరి చివర రేకుల షెడ్డులో అతనికి ఒక కంప్యూటర్ కటింగ్ మెషిన్ ఉంది. అల్యూమినియం రేకుల్ని పిల్లల రోబో బొమ్మలకు కావలసిన చేతులుగా, కాళ్లుగా, మోకాళ్లుగా కోస్తుంటాడు. పిల్లలు ఆ ముక్కలు తెచ్చుకుని, మరలు బిగించి, మోటారు పెట్టి, ఇల్లంతా నడిపించి తల్లులతో తిట్లు తింటారు. కోయడం దేవరాజుకు వచ్చు, రంగు వేయడం రాదు. రంగు కోసం ముక్కలు హైదరాబాద్ పోయి రావాల్సి వచ్చేది. లింగమూర్తి వెళ్లి అక్కడ పదిహేను రోజులు ఆ పని నేర్చుకుని వచ్చి, షెడ్డులో తొట్లు పెట్టాడు.

పని వినడానికి సులువే. ముక్కల్ని యాసిడ్ తొట్టిలో వేలాడదీసి కరెంటు పెడితే, లోహం మీద కంటికి ఆనని సన్నటి రంధ్రాలు పడతాయి. రంగునీళ్లలో ముంచితే ఆ రంధ్రాలు రంగును తాగుతాయి. చివరన మరిగే నీళ్లలో ఉడకబెడితే రంధ్రాల నోళ్లు మూసుకుంటాయి. ఇక ఆ రంగును బ్రహ్మదేవుడు దిగివచ్చినా కదిలించలేడు. అల్యూమినియం గిన్నెల్ని సిల్వర్ గిన్నెలు అనడం అక్కడ అలవాటు. అందుకని లింగమూర్తి సిల్వరుకు రంగు వేస్తున్నాడన్న మాట గల్లీలో పాకి, పక్కింటి చంద్రవ్వ తన వెండి కడియాలు మూటగట్టుకుని వచ్చింది. ఎరుపు వేయమంది. ఆమెకు నచ్చజెప్పి పంపేసరికి లింగమూర్తికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇట్లా ఉండగా పెద్ద పని తగిలింది. హైదరాబాద్‌లో రోబో కిట్లు అమ్మే ఒక కంపెనీ మిడత బొమ్మ ఒకటి తయారు చేస్తోంది. వంద మిడతలు, మిడతకు ఆరు కాళ్లు, మొత్తం ఆరువందల కాళ్లు. కోత దేవరాజుది, రంగు లింగమూర్తిది. కంపెనీలో ఈ పనులు చూసే అమ్మాయి మైత్రి, తెనాలి వైపు మనిషి. ఫోనులోనే మాట తేల్చింది. "ఇవి సోమవారానికి బాగా వస్తే మా కిట్లన్నింటి రంగు పనీ మీకేనండి. రాకపోతే మాత్రం వేరే చోట చూసుకుంటాం."

వేరే చోట అంటే లింగమూర్తికి ఒకటే చోటు గుర్తుకొచ్చింది. భివండిలో ఉన్న బామ్మర్ది వారానికోసారి ఫోన్ చేసి, "అయిదో తొట్టి ఇంక ఖాళీగనే ఉన్నది బావా" అని ఆశ పెట్టేవాడు. అది ఆశో బెదిరింపో లింగమూర్తికి తెలిసేది కాదు.

మైత్రి పంపిన కాగితం లింగమూర్తి ఫోనులో తెరుచుకోలేదు. ఫోను పట్టుకుని భానుప్రకాశ్ జిరాక్స్ షాపుకు పోయాడు. భానుప్రకాశ్ మంచివాడు, వద్దన్నా మేలు చేసే రకం. "ఊకె కలర్‌ల తీస్తే దండుగ కాకా, బ్లాకులనే మంచిగ కనబడతది" అని నలుపులో తీసి ఇచ్చాడు. కాగితం మీద మిడత కాలు బొమ్మ, దాని పక్కన వేయాల్సిన రంగు చూపించే చిన్న గడి, గడి నిండా బూడిద రంగు.

లింగమూర్తి మైత్రికే ఫోన్ చేశాడు. "మేడం, రంగు ఏందో జర నోటితోని చెప్పున్రి."

పాపం ఆ పిల్ల గ్రీన్ అనబోయింది. పెద్దాయన, ఇంగ్లీషు మాటలెందుకు, చక్కగా తెలుగులో చెబుదామని మర్యాదకు పోయింది.

"పచ్చండి. నిండు పచ్చ" అంది.

"గంతే కదా మేడం! మీరు బేఫికర్‌గ ఉండున్రి" అన్నాడు లింగమూర్తి. అంత తేలికైన రంగు చెప్పినందుకు లోపల్లోపల సంతోషించాడు కూడా.

గురువారం ముక్కలన్నీ యాసిడ్ తొట్టి దాటి రంగు తాగాయి. శుక్రవారం పొద్దున మూడువందల కాళ్లను ఎండలో పరిచి చూశాడు. ఇది నాయిన పెట్టిన అలవాటు. బల్బు వెలుతురులో ఏ రంగునూ నమ్మకూడదు, పొద్దుటి ఎండలో చూడందే ఆఖరి ఉడుకు వేయకూడదు. కాళ్లు నిగనిగలాడుతున్నాయి. సద్ది తెచ్చిన భార్య బాలలక్ష్మి చూసి, "అబ్బ! కొమురెల్లి మల్లన్న బండారి తీర్గ ఉన్నయి" అని ఒక కాలు తీసి కళ్లకద్దుకుంది. లింగమూర్తి మురిసిపోయి ఆ మూడువందలూ ఉడకబెట్టాడు.

మిగిలిన మూడువందలకు శనివారం మబ్బు అడ్డం పడింది. పొద్దునుంచీ ఎండ లేదు. అతను వాటిని చల్లటి నీళ్లలో ఉంచి, ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. దేవరాజుకు ఒళ్లు మండింది.

"సూర్యుడు వస్తేనే ఉడకబెడతవా అన్నా? ఆయన ఏమన్న మనకు పార్ట్‌నరా?"

"ఎండల చూడంది ఉడకవెట్ట. మా నాయిన వెట్టలే, నేను వెట్ట."

"మీ నాయినకు సోమవారం డెలివరీ లేకుండె!"

మధ్యాహ్నం మైత్రి ఫోటో పంపమంది. లింగమూర్తి ఉడికిన కాళ్లను ముగ్గు వేసినట్టు పేర్చి, ఫోటో తీసి పంపాడు. అరనిమిషంలో ఫోన్ మోగింది.

"లింగమూర్తి గారూ, ఇదేంటండీ? పసుపు వేశారు!"

"మీరే గద మేడం పచ్చ అన్నరు."

"అవునండీ, పచ్చ అన్నాను. ఆకులు ఏ రంగులో ఉంటాయి?"

"ఆకులు ఆకుపచ్చ ఉంటయి మేడం. పచ్చ అంటే పసుపే గద. పచ్చకామెర్లొస్తే మనిషి ఏ రంగుల ఉంటడు?"

అటువైపు నుంచి, "పచ్చగడ్డి ఏ రంగండీ?" అని నీరసంగా వినబడింది. ఇద్దరిదీ తప్పు లేదు. తప్పంతా మన భాషదే. గడ్డికీ కామెర్లకూ ఒకే మాట పెట్టి, ఏ మాత్రం సిగ్గు లేకుండా ఇన్ని వందల ఏళ్లు బతికేసింది.

పచ్చ అంటే పసుపని దేవరాజు ఒప్పుకోలేదు. గొడవ విని గోడ పక్కకు వచ్చిన చంద్రవ్వ చేయి పట్టుకుని, దాని మీదున్న పచ్చబొట్టు చూపించాడు. "అవ్వా, గిదేంది?"

"పచ్చబొట్టు."

"ఏ రంగుల ఉన్నది?"

"ఆకు రంగుల ఉన్నది."

"చూసినవా అన్నా! మరి అవ్వా, పచ్చచీర అంటే ఏ రంగు?"

"పసుపుది" అంది చంద్రవ్వ, వీడికి పిచ్చి గాని పట్టిందా అన్నట్టు చూస్తూ. దేవరాజు ఆమె చేయి వదిలేశాడు.

లింగమూర్తి కుర్చీలో కూలబడ్డాడు. సోమవారానికి మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. అయిదో తొట్టి కళ్ల ముందు కనబడింది, దాని అంచున పగిలిన చోటుతో సహా. అతనికి నిజంగా భయం వేసింది. ఈ వయసులో మళ్లీ నంబరు కావడం కంటే చంద్రవ్వ కడియాలకు ఎరుపు వేస్తూ బతకడం మేలనిపించింది.

"కాస్టిక్ సోడా నీళ్లల్ల ఏసి రంగు తీసేస్త" అన్నాడు చివరికి.

"తీస్తే?"

"రంగుతోని కొంచెం లోహం గూడ పోతది."

దేవరాజు లేచి నిలబడ్డాడు. కాలికి నాలుగు రంధ్రాలు, వెంట్రుకవాసి తేడా రాకుండా కోసినవి. వాటిని తన బిడ్డల కంటే ఎక్కువ చూసుకుంటాడు. "లోహం పోతే బొక్కలు పెద్దగైతయి. మర నిలవది. నా బొక్కలు పెద్దగైనయంటే, అన్నవని గూడ చూడ, నీ ఒంట్ల బొక్కలు ఇరుగుతయి!"

ఇంత గోలలో బాలలక్ష్మి ఒక్కతే తొట్టిలోకి వంగి చూస్తోంది. "ఏమయ్యా, గివి ఇంక ఉడకలే గద?"

లింగమూర్తి తలెత్తాడు.

ఉడకలేదు. సూర్యుడు రాలేదు కాబట్టి ఉడకలేదు. మూడువందల కాళ్లు నోళ్లు తెరుచుకుని చల్లనీళ్లలో అలాగే ఉన్నాయి. పసుపు తాగిన నూలును నీలంలో ముంచితే ఏమవుతుందో బుచ్చిరాములు కొడుకుకు చిన్నప్పుడే తెలుసు. ఇంత సేపూ ఆ మాట గుర్తు రానందుకు తనను తాను బండబూతులు తిట్టుకుంటూ నీలం డబ్బా వెతికాడు.

మొదటి కాలును నీలంలో ముంచి అరవై లెక్కపెట్టాడు. పాచి పట్టిన గచ్చులాగా వచ్చింది. రెండోదానికి ఇరవై లెక్కపెట్టాడు. జబ్బు చేసిన ఆకులాగా ఉంది. మూడోదానికి ముప్పై అయిదు. దాన్ని కడిగి పైకెత్తేసరికి, పొద్దునుంచీ సతాయించిన మబ్బు కాస్త పక్కకు జరిగి ఇంత ఎండ పడింది. ముదురు వరిచేను రంగు. దేవరాజు దాన్ని చేతిలోకి తీసుకుని, ముందు రంధ్రాలు చూసి, తర్వాత రంగు చూసి, "గిది మిడత" అన్నాడు.

పాడైన రెండింటికీ, ఉడికిపోయిన మూడువందలకూ బదులుగా దేవరాజు ఆదివారమంతా నిలబడి కొత్తవి కోశాడు. తన రంధ్రాల్ని సోడా పాలు చేయడం కన్నా రెండోసారి కోసుకోవడమే నయమని ఒకటే సణుగుడు. లింగమూర్తి వాటిని రంగులో ముంచుతూనే ఉన్నాడు. సోమవారం ఎండ రాగానే అన్నింటినీ చూసి ఉడకబెట్టాడు. బాలలక్ష్మి అట్టపెట్టెలో సర్దింది. పేపర్లు కుక్కితే అక్షరాలు అంటుకుంటాయని, కాళ్లు కదలకుండా సందుల్లో ఒక యాభై పసుపు కాళ్లను ఇరికించింది. ఎట్లాగూ పనికిరానివే కదా అని ఆమె లెక్క.

లింగమూర్తి పెట్టె ఒళ్లో పెట్టుకుని జూబ్లీ బస్టాండుదాకా పోయి, అక్కడినుంచి ఆటోలో కంపెనీకి పోయాడు. మైత్రి ఒక్కో కాలూ లెక్కపెట్టి తీసుకుని, "చెప్తామండి" అంది. అతను ఇంటికొచ్చి ఆ చెప్తామండిని బాలలక్ష్మికి రకరకాల గొంతులతో చెప్పి, ఏ గొంతులో ఏ అర్థం వస్తుందో అడిగాడు.

పదకొండు రోజులు కబురు లేదు. పన్నెండో రోజు ఫోన్ మోగితే బామ్మర్ది అనుకుని తీశాడు.

"లింగమూర్తి గారూ, ఆ పచ్చ ఇంకా ఉందా?"

ఆ మాట మళ్లీ వినేసరికి, ఎక్కడ నోరు జారుతానో అని ఆచితూచి అడిగాడు. "ఏ పచ్చ మేడం?"

"మీ పచ్చండి. పెట్టె సందుల్లో పెట్టారు చూడండి, అది. మేం కందిరీగ కిట్ చేస్తున్నాం. ఆ కాళ్లు తెచ్చి బిగించి చూస్తే అచ్చం కందిరీగేనండి. అందరూ మళ్లీ మళ్లీ చూస్తున్నారు. మిగతావి కూడా పంపండి. ఇంకో సంగతి, రంగు పనంతా మీకే ఖాయం చేశాం. రంగుల కాగితం కొరియర్లో వస్తుంది, ఈసారి ఏ గొడవా రాకుండా పేర్లు తెలుగులో రాయించాను."

రెండు రోజులకు కవరు వచ్చింది. నిగనిగలాడే కాగితం మీద పన్నెండు గడులు, ప్రతి గడి కింద పేరు. ఏడో గడి కింద ఆకుపచ్చ అని ఉంది. ఎనిమిదోది మల్లన్న బండారి పసుపులో మెరుస్తోంది. దాని కింద రాసి ఉన్నదాన్ని లింగమూర్తి కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. బాలలక్ష్మి చేత ఒకసారి చదివించుకున్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా చొక్కా తొడుక్కుని భానుప్రకాశ్ షాపుకు పోయాడు.

"నాలుగు కాపీలు తియ్యి. బామ్మర్దికొకటి పంపాలె."

భానుప్రకాశ్ అలవాటుగా నలుపు మీట మీద వేలు పెట్టబోయి, కాగితం చదివి ఆగిపోయాడు. ఏళ్ల తరబడి కాకా అని పిలవడమే గాని, అసలు పేరు అతనికి ఎప్పుడూ అవసరం పడలేదు.

"లింగమూర్తి పచ్చ అని రాసున్నది. గీ లింగమూర్తి ఎవరు కాకా?"

లింగమూర్తి చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"నేనే" అన్నాడు. "కలర్‌ల తియ్యి."