దండ మేకులు

నాకు అనుమానం ఎక్కువని నిజామాబాద్ గంజ్ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అద్దం కొంటే ఎండకు పట్టి గీతలు వెతుకుతాను. చెక్క కొంటే ముక్కు దగ్గర పెట్టుకొని పచ్చివాసన ఉందేమో చూస్తాను. "కోడిగుడ్డు మీద ఈకలు పీకుతవురా నువ్వు" అని మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, నవ్వేది. పీకితే పీకాను. ఫోటోలకు ఫ్రేములు కట్టేవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే మూలలు కలవవు, అద్దం కింద చెమ్మ చేరుతుంది, ఏడాది తిరక్కముందే లక్ష్మీదేవి మొహం మీద బూజు పడుతుంది. అప్పుడు జనం లక్ష్మీదేవిని తిట్టరు కదా, నన్ను తిడతారు.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నేను సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. అంతకుముందు ఒక ముసలి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. మక్కా పటం వచ్చినా, ఏసు పటం వచ్చినా, వెంకటేశ్వరస్వామి వచ్చినా ఆయన ఒకే తీరుగా తుడిచి, ఒకే తీరుగా కట్టేవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం చేతిపని కాదు, ఒక ప్రశ్న. మనిషి ఫోటో ఎవరు తెచ్చినా ముందు అడగాలి: "మేకులు కొట్టాల్నా?"

దండ మేకులంటే ఫ్రేము పైన రెండు మూలల్లో కొట్టే చిన్న ఇత్తడి మేకులు. దేవుళ్ల సంగతి వేరు. మనుషుల్లో మాత్రం పోయినవాళ్లకే దండ, పోయినవాళ్లకే మేకులు. బతికున్నవాడి ఫ్రేముకు పొరపాటున కొట్టామంటే ఇంటిల్లిపాదీ కర్రలు పట్టుకొని వస్తారు. "ఈయన ఉన్నడా, పోయిండా" అని మొహం మీద అడగలేం కనక అలా అడుగుతాం. ఆ ప్రశ్నకు కొందరు తల ఊపుతారు, కొందరు అక్కడే కూర్చుని ఏడుస్తారు.

ఇక నా అనుమానానికి అసలు కారణం చెబుతాను. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో మా బాపు బొంబాయికి మిల్లు పనికని పోయాడు. పోయినవాడు పోయినట్టే. ఉత్తరం లేదు, మనిషి లేడు. ఎవరో దాదర్‌లో చూశామన్నారు, తర్వాత ఆ మాట కూడా ఆగిపోయింది. అవ్వ పసుపు కొమ్ములు ఏరే కూలికి పోయి నన్ను సాకింది. కరువు రోజుల్లో పుస్తెలమ్మి తాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. బాపు చేతి మీదుగా వచ్చినవాటిలో చివరికి మిగిలినవి ఆమె కాలి మట్టెలే.

ఇంట్లో వాళ్లిద్దరి ఫోటో ఒకటుండేది. ఏదో జాతరలో దిగింది. అవ్వ కుర్చీలో కూర్చుంది, బాపు పక్కన నిలబడ్డాడు. ఎడమ కనుబొమ మధ్యలో ఒక తెగిన గాటు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంటుంది, బొటనవేలు ఆ పిడికిలి లోపలికి ముడుచుకొని. ఆ ఫోటో ఎప్పుడూ పెట్టెలోనే ఉండేది. ఊరందరికీ కట్టేవాణ్ణి, మన ఫోటో కడతానని ఒకసారి అడిగాను.

"వద్దు బిడ్డా. కడితె, మేకులు కొట్టాల్నా అని అడుగుతవు. నేనేం చెప్పాలె?" అంది.

చుట్టాలు మాత్రం ఊరుకుంటేనా! పన్నెండేండ్లు దాటింది, పోయినట్టే లెక్క, కర్మ చేసి బొట్టు తీసేయమన్నారు. "ఎవలన్న పీనుగను చూసిండ్రా? చూసినోల్లు ముందుకు రాండ్రి" అని అవ్వ ఎదురు తిరిగింది. "అయినా గీ బొట్టు గాయిన పెట్టింది గాదు. చిన్నప్పుడు మా అవ్వ పెట్టింది." అలా గెలిచింది కానీ, పేరంటాల్లో కుంకుమ పెట్టే ఆడవాళ్ల చెయ్యి ఆమె నుదుటి దాకా వచ్చి ఒక్క క్షణం ఆగేది. అది చూస్తే నా కడుపు మండేది. బాపు పోయాడన్న కబురు ఒక్కటి వస్తే చాలు, ఆ చెయ్యి ఇక పూర్తిగా ఆగిపోతుంది. నాకు అదే భయం.

అందుకే దుకాణానికి వచ్చిన ప్రతి ఫోటోలో బాపును వెతికేవాణ్ణి. పెళ్లి ఫోటో వస్తే పెళ్లికొడుకును కాదు, వెనక వరసలో నిలబడ్డవాళ్లను చూసేవాణ్ణి. పోచంపాడ్ ప్రాజెక్టు పని మొదలయ్యాక కూలీల గుంపు ఫోటోలు వచ్చేవి. వాటిని భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. ఫోటో తెచ్చినవాళ్లనూ ఊరికే వదిలేవాణ్ణి కాదు. ఏ ఊరు, ఈయన ఎవరు, మీకేమవుతాడు? "ఫ్రేము కడుతవా, పటేల్‌గిరి చేస్తవా?" అని ఒకాయన ఫోటో లాక్కొని పోయాడు కూడా.

అలాంటి రోజుల్లో, చెరుకు బండ్లు నడిచే కాలంలో, బోధన్ వైపు నుంచి ఒక పడుచుపిల్ల వచ్చింది. స్టూడియోలో పెద్దది చేయించిన ఫోటో చీర కొంగులో చుట్టుకొని తెచ్చింది.

"మేకులు కొట్టాల్నా?" అన్నాను, అలవాటుగా.

"కొట్టాలె. మా బాపు" అంది.

కాగితం విప్పి చూశాను. స్టూడియో వాళ్ల కోటు తొడుక్కొని కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి. చెంపలు నెరిశాయి. ఎడమ కనుబొమలో గాటు. ఎడమ చెయ్యి మోకాలి మీద పిడికిలి బిగించి ఉంది. బొటనవేలు కనపడలేదు.

భూతద్దం పెట్టి మళ్లీ చూశాను, మా బాపే. అయినా నాలోని అనుమానం ఊరుకోదుగా, ఈ మనిషిని కూడా అనుమానించింది. గాట్లు లోకంలో ఎంతమందికి ఉండవు? వేలు ముడుచుకునేవాడు ఒక్కడేనా? పిల్లను అడిగాను. వాళ్లది బోధన్ దాటాక ఒక పల్లె. వాళ్ల బాపు ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండి నడిపేవాడట. బొంబాయి ఎప్పుడైనా పోయాడా అన్నాను. "బొంబాయా? మా బాపు రైలే ఎక్కలే. బోధన్ దాటి ఎటూ పోయెటోడు గాదు" అంది, నన్ను వింతగా చూస్తూ.

బోధన్! బస్సెక్కితే గంట దారి. మేం బొంబాయి బండ్ల వంక చూస్తూ కూర్చున్నాం.

ఫ్రేము నేనే తెచ్చి ఇస్తానన్నాను, బస్సులో అద్దం పగులుతుందని వంక పెట్టి. ఆ పిల్ల కళ్లలో కూడా అనుమానం కనిపించింది. అయినా సరేనంది.

ఇక్కడ మా పని తీరు ఒకటి చెప్పాలి. కోత నాది, అద్దం నాది, బిగింపు నాది. వెనక భాగం మాత్రం అవ్వది. మైదాపిండిలో మైలుతుత్తం వేసి లై, అంటే అతికించే జిగురు, ఉడికించి, ఫ్రేము వెనక చెక్కల మీద కాగితం అతికించి చీమ దూరకుండా మూసేది. బొద్దింకలు ముట్టని లై ఆమెది. ఈ ఒక్క ఫ్రేము మాత్రం ఆమె చేతికి ఇవ్వకూడదనుకున్నాను. ఉన్నవాటిలో మంచి నల్ల పట్టీ తీశాను. కోపంతో కోశానో ప్రేమతో కోశానో తెలియదు కానీ, అంత బాగా మూలలు ఎప్పుడూ కలవలేదు. ఫోటో పెట్టి, చెక్కలు సర్ది, బోర్లించాను. డబ్బాలో ఇత్తడి మేకులు బోలెడున్నాయి. అయినా మేకులు లేవని నాకు నేనే చెప్పుకొని బజారుకు పోయాను. ఆ రెండు మేకులు కొట్టడానికి చెయ్యి రాలేదు, అదీ సంగతి.

తిరిగొస్తుంటే వీధి మలుపులోనే మా ఇంట్లోంచి సుత్తి చప్పుడు వినిపించింది. ఠక్, ఠక్, చిన్నగా. దారిలో తెలిసినాయన ఒకడు మాటల్లో పెట్టి ఆపాడు, నేను లోపలికి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. ఫ్రేము వెనక కాగితం అతికించి ఉంది, ఇంకా తడిగా. అవ్వ చేతులు కడుక్కుంటోంది.

"ఎందుకంటించినవే? నేను జేస్తనంటి గద!"

"గింత పనికి నువ్వెందుకు? లై మిగిలింది, అంటించిన."

"సుత్తి ఎందుకు పట్టినవ్?"

"చెక్కకు ఒక మొల లేసింది, కొట్టిన. ఏందిరా, పోలీసోని లెక్క?"

ఆమె మొహం చూశాను. బొట్టు చెదరలేదు. కళ్లు ఎర్రగా లేవు. చూసిందా, చూడలేదా? బోర్లించిన ఫ్రేము కదా, తిప్పి చూస్తే తప్ప ఏం కనిపిస్తుంది అని నా మనసుకు సర్దిచెప్పుకొని మేకులు కొట్టాను.

మర్నాడు ఫ్రేము పాత దుప్పట్లో చుట్టి బస్సెక్కాను. ఎడపల్లి దాటినప్పటి నుంచీ దారంతా చెరుకు బండ్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. వాళ్ల ఇంటికి పోయి నిజం మొహాన కొట్టాలనుకున్నాను. మీకు బాపు అయినవాడు మమ్మల్ని ఏం చేసి వచ్చాడో వినండి అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

ఇల్లు చిన్నది. మూలన ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. నుదురు బోడిగా ఉంది. కుంకుమ పెట్టి పెట్టి తెల్లబడ్డ చోటు గుండ్రంగా కనిపిస్తోంది. దాన్ని చూడగానే దారిలో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. మా అవ్వ నుదురే చూసినట్టనిపించింది.

"మీ ఇంటాయన సొంతూరేది?" అన్నాను చివరికి.

"ఎర్క లేదయ్యా. 'నా ఎనుకటి ముచ్చట అడగొద్దు' అన్నడు. అడగలే. అడిగితె పోతడేమో అని బుగులు." కాసేపు నా మొహం చూసి, "మీ బాపు ఉన్నడా?" అంది.

"లేడు."

ఆమె చూపు నా చేతి మీదికి దిగింది. నా పిడికిలి బిగుసుకొని ఉంది, బొటనవేలు లోపలికి ముడుచుకొని. నేను వేళ్లు విప్పేశాను. పిల్ల ఫోటో గోడకు పెట్టి బంతిపూల దండ వేసింది. మేకులు దండ బరువును బాగా ఆపాయి. కొడుకుగా నేను ఆయనకు చేసింది అంతే. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండూ దిగమింగి చాయ్ తాగి వచ్చాను.

ఇంటికొచ్చాక అవ్వ అడిగింది. "ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఎట్లున్నరు వాల్లు?"

"ఎట్లుంటరు? అందరి లెక్కనే ఉన్నరు." గిరాకీకి వచ్చినవాళ్లు ఎలా ఉన్నారని ఆమె అంతకుముందెన్నడూ అడగలేదు. కానీ మళ్లీ తిప్పి అడిగే ధైర్యం లేక, "ఆకలైతుంది, పెట్టు" అన్నాను. ఆమె బువ్వ పెట్టింది.

కొన్నాళ్లకు చూస్తే ఆమె కాళ్లకు మట్టెలు లేవు. అడిగితే, అరిగిపోయి వేలును కోస్తున్నాయని తీసి పెట్టానంది. నేను నమ్మలేదు. ఇల్లు గడవక అమ్మిందేమోనని అనుమానపడి, ఆమె లేనప్పుడు పెట్టె వెతికాను. మట్టెలు లేవు. జాతర ఫోటో మాత్రం ఎప్పటిలాగే ఉంది. అమ్మేసిందనే తీర్మానించుకున్నాను. బొట్టు మాత్రం రోజూ పొద్దున్నే పెట్టుకునేది, ఎప్పటికంత పెద్దదే. పేరంటాలకూ పోయేది. ఎవరి చెయ్యైనా ఆగితే, కుంకుమ భరిణె తీసుకొని తనే పెట్టుకునేది.

కొన్నేళ్లు గడిచాయి. ఒక రోజు బోధన్ పిల్ల చంకలో బిడ్డతో వచ్చింది. ఇంటికి సున్నం వేస్తుంటే ఫ్రేము కిందపడి అద్దం పగిలిందట. కొత్తది వేయమని ఇచ్చి, బజారు పని చూసుకొస్తానని పోయింది.

వెనక కాగితం చింపాను. అవ్వ లై అంత త్వరగా లేవదు, కత్తి మొన పెట్టి గీకాల్సి వచ్చింది. చెక్కలు ఒక్కొక్కటే తీశాను. చివరి చెక్క లేపగానే ఏదో మెరిసింది. ఫోటో వెనక అట్టకు గుడ్డపీలిక అతికించి, దాని కింద రెండు వెండి ముక్కలు. సుత్తితో కొట్టి బిళ్లల్లా చదును చేసినవి. అంచున సన్నటి గీతల పని ఇంకా కనిపిస్తోంది. చిన్నప్పుడు ఆ కాళ్ల దగ్గర పడుకొని వేలితో తడిమిన గీతలే.

ఆ రోజు నేను బజారుకు పోయిన కాస్సేపట్లో ఆమె ఆయన మొహం చూసింది, ఆయన పెట్టినవి ఆయనకు ఇచ్చేసింది, మూసేసింది. నేను వచ్చేసరికి చేతులు కడుక్కుంది. అన్నేళ్లుగా ఊరందరినీ అనుమానించిన నేను ఆమె ముఖం ముందు ఓడిపోయాను.

కొత్త అద్దం కోసి వేశాను. ఆ వెండి ముక్కలను ఉన్నచోటే పెట్టి, పైన చెక్కలు సర్దాను. అప్పుడు అవ్వ లై గిన్నె తీసుకొని వచ్చింది. ఫ్రేమును చూసి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. పైన ఉన్న రెండు ఇత్తడి మేకులను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"లోపల అంత మంచిగనే ఉన్నదా?" అంది.

"మంచిగనే ఉన్నదవ్వా."

"మరి ఇటు తే" అని, కూర్చుని, కాగితానికి లై పూయడం మొదలుపెట్టింది.