తడి గ్లాసులు లెక్కపెట్టే మొగుడు

ఈ మధ్యాహ్నం నేనూ మా అమ్మాయీ ఫోన్‌లో ఒక పాత షార్ట్ ఫిల్మ్ చూశాం. ఎప్పుడో టేకులపల్లి కుర్రాళ్లు తీసిన పెళ్లి కామెడీ. పడగ్గదికీ హోటల్‌కీ ఒకటే పూల కర్టెన్. అందులో మొగుడు ఇంటికి రాగానే వంటింట్లో తడి గ్లాసులు లెక్కపెడతాడు. "నువ్వొక్కదానివే చాయ్ తాగితే రెండు గ్లాసులెట్ల తడిసినయ్?" అని పెళ్లాన్ని నిలదీస్తాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

"మా ఆయన గూడ గిట్లనే అమ్మా," అంది అమ్మాయి నవ్వుతూనే. వచ్చే నెలే దాని పెళ్లి; కాబోయేవాణ్ని అప్పుడే "మా ఆయన" అంటోంది. "వీడియో కాల్ చేస్తే రూమంత తిప్పి చూపియ్యాలె."

"ఎందుకే?"

"పక్కన ఎవరున్నరో అని. ప్రేమ ఎక్కువ గదా!"

నా నవ్వు ఆగిపోయింది. అంతలోనే అతని వీడియో కాల్ వచ్చింది. "తిన్నవా?" అని మాత్రమే అడిగాడు. మా అమ్మాయి మాత్రం ఫోన్‌ను మెల్లగా గదంతా తిప్పింది. తలుపు, మంచం, నేను. అతను చూపించమని అడగనే లేదు.

అప్పటి నుంచి ఈ పెళ్లంటేనే భయం పట్టుకుంది. ప్రతిదానికీ అనుమానపడతానని ఇంట్లో నాకు పేరుంది, ఇదీ అలాంటిదేనేమో. అయినా పంచాల్సిన శుభలేఖలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎందుకని మావారు అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మీరైతే ఏం చెప్పేవారు?